పొంతన కుదరని జంట

ఇరుగుపొరుగు ఇళ్ళలో ఉన్నంతకాలం ప్రాణస్నేహితులుగా మెలగినవారు ఒకే ఇంట చేరిన నెల తిరగకుండానే మాటలు మానుకొన్న సందర్భాలు శ్రోతలలో చాలమందికి తెలిసే ఉంటాయి. చదువులకో ఉద్యోగాలకో పట్నం వెళ్ళి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గది అద్దెకు తీసుకొన్నవారికి ఇది స్వానుభవమే. బజారులో, కచేరీలో, పేకాట చాపమీద ఎంతో ముచ్చటగా కనిపించిన మనిషి తడితువాలు మంచంమీద పడవేసేవాడని గాని, మనం పడవేసిన తువాలు చూచి నిట్టూర్చేవాడని గాని, అతనితో ఒక కప్పు క్రిందికి చేరిన తరువాతనే తెలుస్తుంది. స్నేహానికి మనసులు కలిస్తే చాలును. కాపురానికి అలవాట్లు కూడ కలవాలి.

ఈ చిన్న సత్యాన్ని పునాదిగా చేసుకొని అమెరికా దేశంలో ఒక హాస్యనాటకం వెలసింది. దాని పేరు "ది ఆడ్ కపుల్". మన భాషలో చెప్పవలెనంటే పొంతన కుదరని జంట అన్నమాట. రచయిత నీల్ సైమన్. న్యూయార్కు నగరంలో నాటకశాలలకు నిలయమైన బ్రాడ్వేలో, ప్లిమత్ థియేటరులో, 1965 మార్చి 10వ తేదీన ఈ నాటకం రంగమెక్కింది. 1967 జూలై వరకు తొమ్మిదివందలకు పైగా ప్రదర్శనలు జరిగినవి. భార్యలతో తెగతెంపులైన ఇద్దరు స్నేహితులు ఒకే వాటాలో కాపురం పెట్టడం, మూడు వారాలలో ఆ కాపురమూ విచ్ఛిన్నం కావడం, ఇంతే కథ. ఇంత స్వల్పమైన వస్తువులో ఇంతకాలం జనాన్ని నవ్వించగల శక్తి ఎక్కడ ఉన్నదో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా రచయితను గురించి రెండు మాటలు. నీల్ సైమన్ 1927 జూలై 4వ తేదీన న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతంలో జన్మించినాడు. 2018 ఆగస్టు 26వ తేదీన కీర్తిశేషుడైనాడు. అతని బాల్యం సుఖంగా గడవలేదు. తల్లిదండ్రులకు పొసగేది కాదు. తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోవడం, కొన్నాళ్ళకు తిరిగిరావడం, మళ్ళీ వెళ్ళడం ఆ ఇంట పరిపాటి. సంసారం ఎలా కూలుతుందో ఆ బాలుడు పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. పడకగది గోడ ఇవతల నుంచి విని తెలుసుకొన్నాడు. ఎనిమిదేండ్లకు పైగా పెద్దవాడైన అన్న డానీ అతనికి అండ, గురువు కూడ. అన్నదమ్ములిద్దరూ మొదట రేడియోకు, తరువాత టెలివిజనుకు జంటగా హాస్యం వ్రాసినారు. హాస్యరచనలో మెలకువలన్నీ అన్నదగ్గరనే నేర్చుకొన్నానని నీల్ సైమన్ చెప్పుకొనేవాడు. 1961లో అతని మొదటి నాటకం బ్రాడ్వేకు వచ్చింది. 1963లో వచ్చిన "బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్" పేరు తెచ్చిపెట్టింది. అందులో కొత్తగా పెండ్లయిన దంపతుల కలహం కథావస్తువు. భర్త క్రమశిక్షణ తప్పని న్యాయవాది. భార్య ఉల్లాసమే ప్రాణమైన యువతి. ఆ నాటకంలో వివాహం నిలుస్తుంది. రెండేండ్ల తరువాత వచ్చిన ఈ నాటకంలో తెర లేచేసరికే వివాహాలు కూలిపోయి ఉంటాయి.

ఇందులోని కథకు బీజం ఇంటిలోనే దొరికింది. అన్న డానీకి విడాకులైనవి. ఆ తరువాత ఆయన, తనవలెనే భార్యతో విడిపోయిన మరొక మిత్రునితో కలిసి ఒక ఇంట కాపురం పెట్టినాడు. ఖర్చు కలిసివస్తుందని ఆశ. ఒంటరితనం తప్పుతుందని మరొక ఆశ. వంట డానీదే. స్నేహితుడు భోజనానికి ఆలస్యంగా వస్తే ఆయనకు కష్టం తోచేది. ఇందులో నాటకం ఉన్నదని డానీయే మొదట గ్రహించి వ్రాయ మొదలుపెట్టినాడు. కాని కలం ముందుకు సాగలేదు. చివరకు ఆ వస్తువును తమ్మునికి అప్పగించినాడు. తన బాధను తానే నాటకంగా మలచడం ఎంత కష్టమో ఈ సంగతివల్ల తెలుస్తున్నది. అనుభవించినవాడు అన్న, నాలుగడుగుల దూరంలో నిలిచి చూచినవాడు తమ్ముడు. హాస్యానికి ఆ నాలుగడుగుల దూరం అవసరం.

ఇక కథలోకి వద్దాము. న్యూయార్కులో రివర్‌సైడ్ డ్రైవ్ అనే వీథి. అక్కడ ఎనిమిది గదుల పెద్ద వాటా. అందులో ఆస్కర్ మాడిసన్ ఒంటరిగా ఉంటున్నాడు. పత్రికకు క్రీడావార్తలు వ్రాసే ఉద్యోగం. భార్య బ్లాంచ్ విడాకులు పుచ్చుకొని, పిల్లలతో సుదూరమైన కాలిఫోర్నియాలో ఉన్నది. మంచి సంసారం నడచిన ఆ ఇంటిలో ఇప్పుడు ఎక్కడ చూచినా విడిచిన బట్టలు, పాత పత్రికలు, ఖాళీ సీసాలు, తిని వదిలిన పళ్ళెములు. వేసవికాలపు రాత్రి. వారం వారం జరిగే పేకాటకు స్నేహితులు చేరినారు. మర్రే పోలీసు ఉద్యోగి, రాయ్ లెక్కలు చూచేవాడు. స్పీడ్, విన్నీ అని మరి ఇద్దరు. ఫ్రిజు చెడిపోయి రెండు వారాలైనది. ఆస్కర్ చేసి తెచ్చిన సాండ్విచ్చిలు రెండు రంగులలో ఉంటాయి. వాటిలో ఏమున్నదో చేసినవాడికే తెలియదు. మనోవర్తి సొమ్ము కొన్ని వారాల బాకీ. భార్య టెలిఫోను చేసి అడుగుతుంది. చిన్న కొడుకు కూడ ఫోనులో పలుకుతాడు. ఆ నాలుగు మాటలలో ఆస్కర్ గుండె ఎంత మెత్తనిదో ప్రేక్షకులకు తెలిసిపోతుంది.

ఆనాటి ఆటకు ఒక మిత్రుడు రాలేదు. అతడు ఫీలిక్స్ ఉంగర్. పన్నెండేండ్ల కాపురం తరువాత భార్య ఫ్రాన్సిస్ అతనిని వెళ్ళిపొమ్మన్నది. చనిపోతానని ఆమెకు తంతి పంపి అతడు వీథులపాలైనాడు. స్నేహితులందరూ గాభరాపడుతుండగా అతడు రానే వస్తాడు. వారు కిటికీలు మూయడం, స్నానాలగది తలుపు దగ్గర కాపలా కాయడం, ఏమీ ఎరుగనట్లు పేకముక్కలు పంచడం చూచి ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. ఎంత సాహసం చూడండి! ఒక మనిషి ప్రాణం తీసుకొంటాడేమో అన్న భయం చుట్టూ రచయిత హాస్యం అల్లినాడు. ఆ నవ్వుల అడుగున నిజమైన దుఃఖం ఉన్నది గనుకనే ఆ సన్నివేశం చౌకబారుది కాలేదు.

స్నేహితులు వెళ్ళిపోయిన తరువాత ఇద్దరూ మిగులుతారు. ఒకరి తప్పులు ఒకరితో చెప్పుకొంటారు. తాను ఇంటిలో పైసా పైసాకు లెక్క వ్రాసేవాడినని, భార్య వండిన వంటను తిరిగి వండేవాడినని ఫీలిక్స్ ఒప్పుకొంటాడు. ఆస్కర్ తన గోడు చెప్పుకొంటాడు. తాగుడు, జూదం, ఇంటి సామానుమీద చుట్ట కాల్చిన రంధ్రాలు! పదవ వివాహదినోత్సవం నాడు భార్యను ముచ్చటగా మంచుమీద ఆడే హాకీ ఆటకు తీసుకువెళ్ళినాడట. అక్కడ ఆటబిళ్ళ వచ్చి ఆమెకే తగిలింది. ఇంత జరిగినా ఆమె తనను ఎందుకు విడిచిపోయిందో అర్థం కాలేదంటాడు. చివరకు, నా ఇంటికి వచ్చి ఉండుమని ఆస్కర్ ఫీలిక్సును బతిమాలుతాడు. దయతో పిలిచినాడా, ఒంటరితనం భరించలేక పిలిచినాడా అంటే రెండూ నిజమే. ఫీలిక్స్ ఒప్పుకొని ఆ క్షణమే ఇల్లు సర్దడం మొదలుపెడతాడు. నిద్రకు వెళ్ళే ఆస్కరుకు శుభరాత్రి చెబుతూ, తనకు తెలియకుండానే భార్య పేరుతో పిలుస్తాడు. ఆస్కర్ ఉలిక్కిపడి నిలుచుండిపోతాడు. ఫీలిక్స్ ఇల్లు తుడుచుకొంటూనే ఉంటాడు. అక్కడ తెర పడుతుంది.

శ్రోతలు ఈ ఘట్టాన్ని గుర్తు ఉంచుకోవాలని నా మనవి. నాటకానికి తాళంచెవి ఇక్కడ ఉన్నది. ఒక్క పేరు పొరపాటున నోట దొర్లడంతో, జరగబోయేది స్నేహం కథ కాదు, రెండవ వివాహం కథ అని రచయిత మనకు ముందే చెప్పివేసినాడు.

రెండు వారాలు గడిచినవి. మళ్ళీ పేకాట. ఇల్లు అద్దంలాగ ఉన్నది. అడుగడుగునా ఫీలిక్స్ సేవ. గ్లాసు క్రింద పెట్టడానికి బిళ్ళలు, తాజా రొట్టె, గాలిని శుద్ధిచేసే యంత్రం. పేకముక్కలను కూడ మందునీటితో కడిగినాడని వాసన చూచి తెలుసుకొన్న స్నేహితులలో ఇద్దరు విసిగి లేచిపోతారు. మిగిలిన ఇద్దరికీ మాత్రం ఆ సేవ హాయిగానే ఉంటుంది! తరువాత ఆస్కర్ ఒక ఉపాయం పన్నుతాడు. అదే భవనంలో పై అంతస్తులో ఉంటున్న పిజియన్ సోదరీమణులను, గ్వెండొలిన్, సిసిలీ అనే ఆంగ్ల యువతులను, భోజనానికి పిలుస్తాడు. వంట ఫీలిక్సుది. ఆస్కర్ ఆలస్యంగా వస్తాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే, ఎక్కడికి వెళ్ళినావు, ఫోను అయినా చేయరాదా, మాంసం గట్టిపడిపోతున్నదని ఫీలిక్స్ నిలదీస్తాడు. నడుముకు వంటగుడ్డ, చేతిలో గరిటె. ఆస్కర్ తెల్లబోయి చూస్తాడు. ఈ మాటలు అతడు ఇదివరలో విన్నవే. ఆనాడు అన్నది బ్లాంచ్.

ఆ రాత్రి విందు కూడ విషాదంగానే ముగుస్తుంది. ఆస్కర్ పానీయాలు తేవడానికి లోపలికి వెళ్ళినంతలో ఫీలిక్స్ తన భార్యాపిల్లల ఛాయాచిత్రాలు చూపించి కన్నీరు పెట్టుకొంటాడు. ఆ అక్కచెల్లెళ్ళూ తమ సంసారాలు తలచుకొని ఏడుస్తారు. సరదాగా గడుపుదామనుకొని ఆస్కర్ తిరిగివచ్చేసరికి ముగ్గురూ వెక్కుతుంటారు. వంటింటిలో మాంసం మాడుతుంటుంది. మరునాటికి ఇద్దరికీ మాటలు లేవు. ఒకడు ఎడ్డెమంటే ఒకడు తెడ్డెం. ఆస్కర్ పళ్ళెంలో ఉన్న వంటకాన్ని స్పఘెటీ అంటే, కాదు అది లింగ్విని అని ఫీలిక్స్ నవ్వుతూ దిద్దుతాడు. రెండూ ఇటలీ దేశపు సేమ్యాలే. ఒకటి గుండ్రం, ఒకటి కాస్త బల్లపరుపు. ఆస్కర్ ఆ పళ్ళెం ఎత్తి వంటింటి గోడకు కొడతాడు. పేరు దిద్దినందుకే మూడు వారాల కాపురం కూలింది. ఫీలిక్సును వెళ్ళిపొమ్మంటాడు. ఫ్రాన్సిస్ అన్న మాటే ఆస్కర్ నోటా వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. ఈ నాటకంలో ఇద్దరు భార్యలూ రంగంమీదికి రారు. టెలిఫోను అవతల మాత్రమే ఉంటారు. మొదటి అంకం చూస్తున్నంతసేపు, పాపం ఈ మంచిమనుషులను విడిచిపెట్టిన ఆ స్త్రీలు ఎంత కఠినాత్ములో అని ప్రేక్షకుడు అనుకోవచ్చును. రెండవ అంకం చివరకు వచ్చేసరికి అతని తీర్పు మారుతుంది. ఫ్రాన్సిస్ పన్నెండేండ్లు ఓర్చినదాన్ని ఆస్కర్ మూడు వారాలు ఓర్చలేకపోయినాడు గదా! బ్లాంచ్ పడిన బాధ ఏమిటో ఇల్లు కనిపెట్టుకొని కూర్చున్న ఫీలిక్సును చూస్తే తెలుస్తున్నది గదా! తమ భార్యల స్థానంలో ఒకరినొకరు నిలుపుకొని, తమపై పడిన అభియోగాలు నిజమేనని ఆ మగవాళ్ళిద్దరూ తామే నిరూపించుకొన్నారు. ఎదుట లేని ఆ స్త్రీల తరఫున ఇంత గట్టిగా వాదించిన న్యాయవాది మరొకడు ఉండడేమో! మనిషి ఇల్లు మార్చవచ్చును, తోడును మార్చవచ్చును. తన స్వభావాన్ని మాత్రం పెట్టెలో బట్టలతోపాటు వెంట తీసుకొనే వెళతాడు. ఈ నాటకం చెప్పే ముఖ్యమైన మాట ఇది.

భరతముని హాస్యరసాన్ని విచారిస్తూ, వేషము, మాట, నడవడి మొదలైనవాటిలోని వికృతి హాస్యానికి కారణమన్నాడు. ఇక్కడి వికృతి ఎటువంటిది? ఫీలిక్సుకు శుభ్రత ప్రాణం. శుభ్రత దోషం కాదు. ఆస్కరుకు చేతికి ఎముక లేదు, పట్టింపులు లేవు. ఔదార్యమూ దోషం కాదు. రెండు గుణాలూ హద్దు దాటినందువల్లనే వికృతమైనవి. మందునీటితో కడిగిన పేకముక్కలు శుభ్రతకు వికృతి. రంగుమారిన సాండ్విచ్చి ఔదార్యానికి వికృతి. దుష్టుడు లేని నాటకంలో కలహం నడపడం సులభం కాదు. ఇద్దరు మంచివాళ్ళను ఎదురెదురుగా నిలిపి, ఇద్దరివైపూ న్యాయముండేటట్లు కలహం నడపడంలో ఈ రచయిత ప్రజ్ఞ కనిపిస్తున్నది. నవ్వులో ఆరు తరగతులున్నాయని కూడ భరతుడు చెప్పినాడు. పెదవి కదలని స్మితం మొదలు ఒళ్ళు మరచిన అతిహసితం వరకు. సాధారణంగా ప్రహసనాలు స్మితంతో మొదలై అతిహసితంలో ముగుస్తాయి. ఈ నాటకం నడక తలక్రిందులు. మొదట పగలబడి నవ్విన ప్రేక్షకుడు చివరకు చిరునవ్వుతో, కాస్త ఆలోచనతో, లేచివెళతాడు. తన ఇంటిలో తాను ఫీలిక్సా, ఆస్కరా అన్న ప్రశ్న దారి పొడుగునా అతనిని వెన్నంటుతుంది.

ఈ నాటకం పుట్టిన కాలపు చట్టాన్ని కూడ తెలుసుకొంటే దీని విలువ మరికొంత బోధపడుతుంది. 1965లో న్యూయార్కు రాష్ట్రంలో విడాకులు పొందడానికి ఒకే ఒక కారణం చెల్లేది. అది వ్యభిచారం. పద్ధెనిమిదవ శతాబ్దం నుంచి అదే నియమం. అలవాట్లు కలవని దంపతులు నెవాడా రాష్ట్రానికో మెక్సికో దేశానికో పోయి విడాకులు తెచ్చుకొనేవారు. లేకుంటే లేని నేరాన్ని కల్పించి కోర్టులో నిరూపించేవారు. 1966లో ఆ చట్టాన్ని సవరించినారు. 1967 నుంచి క్రూరత్వం, పరిత్యాగం మొదలైన కారణాలు కూడ అమలులోకి వచ్చినవి. ఎవరి దోషమూ నిరూపించకుండానే విడాకులు పొందే వీలు అక్కడ 2010లో గాని కలుగలేదు. మనదేశంలో 1955నాటి హిందూ వివాహ చట్టానికి పరస్పరాంగీకారంతో విడిపోయే నియమం 1976లో చేరింది. చట్టం దోషి ఎవరని అడుగుతుంది. ఫీలిక్స్, ఆస్కరుల సంసారాలలో ఏ న్యాయమూర్తి ముందూ నిలువగల నేరం లేదు. వంటను తిరిగి వండడం నేరమా? భోజనానికి ఆలస్యం కావడం నేరమా? కాని ఆ చిన్నచిన్న రాళ్ళే పోగుపడి గోడ అయినవి. ఆనాటి న్యాయశాస్త్రం చెప్పలేకపోయిన ఈ సంగతిని ఒక హాస్యనాటకం నవ్విస్తూ చెప్పింది.

ప్రదర్శన విషయానికి వస్తే, మొదటి ప్రదర్శనలలో ఆస్కరుగా వాల్టర్ మాథౌ, ఫీలిక్సుగా ఆర్ట్ కార్నీ నటించినారు. దర్శకుడు మైక్ నికల్స్. ఆ ఏడాది అమెరికా నాటకరంగంలో ఘనమైన టోనీ బహుమానాలు రచయితకు, దర్శకునికి, మాథౌకు కూడ లభించినవి. అయితే మూడవ అంకం సులభంగా కుదరలేదు. బ్రాడ్వేకు రాకముందు బోస్టను నగరంలో నాటకాన్ని ఆడి చూచుకొంటున్నప్పుడు, సైమన్ దానిని పలుమారులు తిరగవ్రాసినాడు. ఎలియట్ నార్టన్ అనే పేరుపొందిన విమర్శకుడు ఆ పిజియన్ సోదరీమణులు చివరి అంకంలో మళ్ళీ కనిపిస్తే బాగుండునని సూచించినాడు. రచయిత ఆ సూచనను స్వీకరించినాడు. వెళ్ళగొట్టబడిన ఫీలిక్సును ఆ అక్కచెల్లెళ్ళే చేరదీసి, అతని బట్టలు తీసుకుపోవడానికి దిగివస్తారు. ఆస్కర్ నోరు తెరచి చూస్తాడు. తన విందుకు పనికిరాడనుకొన్న ఆ కన్నీటి మనిషిని వారు ఆదరించినారు! మంచి విమర్శకుడు తప్పు పట్టడమే కాక దారి కూడ చూపగలడనడానికి ఇది ఉదాహరణ.

1968లో ఈ నాటకం చలనచిత్రమైనది. దర్శకుడు జీన్ శాక్స్. ఆస్కరుగా మాథౌ, ఫీలిక్సుగా జాక్ లెమన్. 1970 నుంచి 1975 వరకు టెలివిజనులో ధారావాహికగా వచ్చింది. అందులో జాక్ క్లగ్మన్ ఆస్కరు, టోనీ రాండల్ ఫీలిక్సు. నాటకంలో టెలివిజను వార్తలు వ్రాసే ఫీలిక్స్ అక్కడ ఛాయాగ్రాహకుడైనాడు. భార్య పేరు కూడ మారింది. చిట్టచివరి భాగంలో అతడు తన భార్యనే తిరిగి పెండ్లాడతాడు. 1982లో నల్లజాతి నటులతో మరొక ధారావాహిక వెలువడింది. అన్నిటికంటె గమనింపదగినది 1985లో జరిగింది. సైమన్ తన నాటకాన్నే స్త్రీపాత్రలతో తిరిగి వ్రాసినాడు. ఆస్కర్ ఆలివ్ అయింది, ఫీలిక్స్ ఫ్లారెన్స్ అయింది. పిజియన్ అక్కచెల్లెళ్ళకు బదులు స్పెయిను దేశపు అన్నదమ్ములు వచ్చినారు. శుభ్రత స్త్రీస్వభావమని, అశ్రద్ధ పురుషస్వభావమని అనుకొనేవారికి ఇంతకంటె మంచి సమాధానం ఉండదు.

ఈ నాటకంలో లోపాలు లేవని కాదు. పిజియన్ సోదరీమణుల పాత్రచిత్రణ పలుచనిది; ఒకరిని ఇంకొకరినుంచి వేరుచేసి గుర్తు పట్టడం కష్టం. మాటకు మాట వెంటవెంటనే పేలే చమత్కారం కొన్నిచోట్ల పాత్ర మాట కాక రచయిత మాటగా వినిపిస్తుంది. పత్రికాలేఖరి, పోలీసువాడు, లెక్కలు వ్రాసేవాడు అందరూ ఒకే విధమైన చతురత చూపితే కొంత అసహజం గదా! కాని ఆ వేగంలో ప్రేక్షకునికి ఈ సంగతి తోచనివ్వడు. తోచినా క్షమిస్తాడు.

చివరి ఘట్టం చెప్పి ముగిస్తాను. ఫీలిక్స్ పైవాటాకు వెళ్ళబోతూ ఆస్కరుకు రెండు మేళ్ళకు కృతజ్ఞత చెప్పుకొంటాడు. తనను ఇంటికి పిలిచినందుకు ఒకటి, ఇంటినుంచి గెంటినందుకు ఒకటి. అంతలో ఫ్రాన్సిస్ టెలిఫోను చేస్తుంది. తాను మూడు వారాల క్రిందటి మనిషిని కానని చెప్పుమని, మాట్లాడకుండానే ఫీలిక్స్ వెళ్ళిపోతాడు. కాళ్ళమీద పడి ఏడ్చిన మనిషికి కాస్త ఆత్మగౌరవం వచ్చింది. మళ్ళీ టెలిఫోను, ఈసారి బ్లాంచ్. బాకీపడిన మనోవర్తి అంతా అందిందని చెప్పడానికి చేసింది. గుర్రప్పందెంలో గెలిచినాడా అని ఆమె అనుమానం. కాదు, ఈమధ్య ఇంట్లో భోజనం చేయడంవల్ల కొంత సొమ్ము మిగిలిందని అతని సమాధానం. వండిపెట్టిన ఫీలిక్స్ పేరు అతడు ఎత్తడు. ఎత్తనవసరం లేదు, మనకు తెలుసును. పేకాట మళ్ళీ మొదలవుతుంది. చుట్టూ స్నేహితులు, మధ్య పొగ. సిగరెట్ల బూడిద క్రింద రాల్చవద్దని, ఇది ఇల్లని, పందులదొడ్డి కాదని ఆస్కర్ వారిని గద్దిస్తాడు. ఆ మాట అతని నోట వినడంతో నాటకం పూర్తి.

ఇద్దరూ కలిసి ఉండలేకపోయినారు. ఐనా ఒకడి గుణం కొంత రెండవవానికి అంటింది. స్నేహం తెగలేదు; వచ్చే వారం పేకాటకు ఫీలిక్స్ మళ్ళీ వస్తాడు. ఇది పెండ్లిళ్ళను హేళన చేసే నాటకమని కొందరు అనుకోవచ్చును. నా దృష్టిలో ఇది పెండ్లికి, స్నేహానికి, అన్నదమ్ముల పొత్తుకు, ఒక కప్పు క్రింద నలుగురు నివసించే ప్రతి ఇంటికీ వర్తించే నాటకం. తోటివాని అలవాటు మనకు కష్టం తోచినప్పుడు, మన అలవాటు అతనికి ఎంత కష్టంగా ఉన్నదో అడిగి తెలుసుకోవడం మంచిది. ఫీలిక్స్, ఆస్కరులు ఆ ప్రశ్నను తమ భార్యలను అడగలేదు. అడిగి ఉంటే ఈ నాటకం లేకపోయేది. రెండు సంసారాలు నిలిచేవేమో.